కన్నీటి కషాయం

మంట పెద్దది చేయకూడదు, చిన్నది చేయకూడదు, ఇనుప గరిటె ముంచకూడదు, మూత మాటిమాటికీ తీయకూడదు, అన్నిటికంటే ముఖ్యం, చూపు మందు కుండ మీదనుంచి తిప్పకూడదు. షూలిన్ చెప్పినవన్నీ యిన్‌హువా పొయ్యి ముందు పీట వేసుకుని వరసగా గుర్తు చేసుకుంది. గుర్తు చేసుకుంటూ ఉండగానే, అవి చెబుతున్నప్పుడు అతని కళ్ళజోడు ముక్కు మీదికి జారిన సంగతి గుర్తొచ్చింది, దాన్ని చిటికెన వేలితో పైకి నెట్టుకునే తీరు గుర్తొచ్చింది, అందరూ చూపుడువేలితో నెట్టుకుంటారు, ఇతనొక్కడే చిటికెన వేలితో, ఎందుకంటే మిగతా వేళ్ళకి ఎప్పుడూ మందుల పొడి అంటుకుని ఉంటుంది, ఆ చిటికెన వేలు ఇప్పుడు తనది, చట్టప్రకారం తనది, ప్రభుత్వం వాళ్ళు పెళ్ళి రాసిచ్చే ఎర్ర పుస్తకంలో ముద్ర వేసి మరీ ఇచ్చారు. పొయ్యి ముందు ఒంటరిగా కూర్చున్న మనిషి నవ్వుకుంటే ఎవరైనా చూస్తారేమోనని తల వంచుకుంది. నవ్వకూడదు. ఈ పూటంతా నవ్వకూడదు. ఎదురుకొండ మీద ఎండ పైకి పాకి ఆరిపోయిందంటే ఆడవాళ్ళు వచ్చేస్తారు, వచ్చి నడిమి గదిలో చుట్టూ కూర్చుంటారు, యిన్‌హువా ఏడుస్తుంటే చూస్తారు.

రేపు పెళ్ళి. ఈ కొండల్లో తుజియా జాతివాళ్ళ ఇంట ఆడపిల్ల ఏడవకుండా గడప దాటదు. ఊరికే ఏడిస్తే కాదు, పాడుతూ ఏడవాలి, అమ్మకో పాట, నాన్నకో పాట, అందరికంటే పెద్ద పాట పెంచిన మనిషికి, చివర్లో పెళ్ళి కుదిర్చిన మధ్యవర్తికి తిట్ల పాట. పాటలన్నీ వచ్చు. వర్షాలు మొదలైనప్పటినుంచి నానమ్మ దగ్గర కూర్చుని నేర్చుకుంది, కాలేజీలో ఏ పరీక్షకీ అంత చదవలేదు. గొంతు కూడా ఫరవాలేదు. లేనిదల్లా కన్నీళ్ళే. కళ్ళు ఎండిపోయి రెండేళ్ళయింది, కళ్ళతోపాటు నోరూ ఎండిపోయింది, పొద్దున లేస్తే రెప్పలు ఇసక కాగితంలా గీసుకుంటాయి, పుచ్చగింజలు కొరికితే తొక్కు పెదవికి అతుక్కుని రోజంతా అక్కడే కాపురం పెడుతుంది. నగరంలో పెద్దాసుపత్రిలో కింది రెప్పలో చిన్న కాగితం ముక్క దూర్చి, కళ్ళు మూసుకుని కూర్చోమన్నారు, ఎంత తడిస్తే అన్ని మార్కులు, ఆమె కాగితం పెట్టింది పెట్టినట్టు తెల్లగా బయటికొచ్చింది, పుట్టి బుద్ధెరిగాక యిన్‌హువా తెల్ల కాగితం ఇచ్చి వచ్చిన పరీక్ష అదొక్కటే. అదయినా పోనీ అనుకోవచ్చు. అసలు సమస్య రెండోది, దానికి ఏ ఆసుపత్రిలోనూ కాగితం ముక్క లేదు. ఆమెకి ఏడవడానికి ఏ కారణమూ కనబడటంలేదు.

ఎక్కడనుంచి తెస్తుంది దుఃఖాన్ని? అత్తవారి ఊరు కొండకి అవతలి వైపు, బస్సులో కూర్చుని ఒక కునుకు తీస్తే వస్తుంది. అత్త అని ఒకావిడ ఉంది గాని ఆవిడకి చెరువులో చేపల్ని పలకరించడానికే తీరిక చాలదు. మొగుడా, పొద్దున లేవగానే అద్దంలో ఆమెని చూసి ఆశ్చర్యపోయే మనిషి, ఈవిడ నిజంగానే ఇక్కడుందే అన్నట్టు. పట్నంలో మందుల దుకాణం మేడమీద గది, గదిలో ఒకే గ్లాసు, గ్లాసులో రెండు బ్రష్షులు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి పసుపు, రాత్రి ఎంత ఎడంగా పెట్టినా పొద్దుటికి ఒకదానిమీద ఒకటి వాలిపోయి ఉంటాయి. ఆ బ్రష్షుల గురించి ఎవరికైనా చెప్పాలని నెలరోజులుగా నాలుక పీకుతోంది, ఎవరికి చెబుతుంది, ప్రభుత్వం లెక్కలో పెళ్ళయి నెల దాటింది గాని నానమ్మ లెక్కలో ఇంకా కాలేదు, నానమ్మ లెక్కలో ఆ గదీ లేదు, ఆ గ్లాసూ లేదు, షూలిన్ ఇంకా ఎవరో పరాయి కుర్రాడు. ఎర్ర పుస్తకం చూపిస్తే నానమ్మ అటూ ఇటూ తిప్పి ఫొటో చూసి, "కళ్ళు మూసుకున్నావేమే" అంది. కళ్ళు మండి ఆర్పింది, సరిగ్గా అప్పుడే నొక్కాడు ఫొటోవాడు, ఇంకోటి తీస్తానంటే షూలిన్ వద్దన్నాడు, నా పక్కన నువ్వు నిద్రపోయినట్టుంది, బాగుంది అన్నాడు. చూడు, మళ్ళీ నవ్వు.

కుండలో బుడబుడ సన్నబడింది. మూత అంచునుంచి ఆవిరి సన్నగా, బుద్ధిగా లేస్తోంది. చామంతి వాసన, దాని కింద నల్ల దుంపల బెల్లంపాకం లాంటి వాసన, దాని కింద చేదు. ఇది చివరి పొట్లం. పెంగ్ వైద్యుడు లెక్కగట్టి ఇచ్చాడు, ఈ సాయంత్రం ఇది లోపలికి దిగితే దారి తెరుచుకోవచ్చన్నాడు, తెరుచుకుంటుందని అనలేదు, ఎనభై ఏళ్ళు దగ్గరపడ్డ మనిషి, మాట జారడు. ఆయన దగ్గరికి మొదటిసారి వెళ్ళినప్పుడు నాడి పట్టుకుని కిటికీ బయటికి చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు, ఈయన నిద్రపోయాడనుకుని ఆమె చెయ్యి లాక్కోబోయింది. అప్పుడు చెప్పాడు, అమ్మాయ్, కన్నీరు కాలేయం ఇంటి సొత్తు, నోటి నీరు ప్లీహం ఇంటి సొత్తు, నీలో రెండిళ్ళవాళ్ళూ తలుపులేసుకుని పడుకున్నారు, మనం వెళ్ళి మర్యాదగా పిలవాలి, తలుపులు బాదకూడదు. తర్వాత నాలుక చాపమన్నాడు. చాపింది. ఆయనకి చూపు ఆనక, ఒరే షూలిన్, ఇలా వచ్చి చూసి చెప్పు అన్నాడు. లోపల సొరుగుల గోడ ముందు తక్కెడ పట్టుకున్న కుర్రాడు వచ్చి, ఆమె మొహం ఇంకా చూడకుండానే, నాలుక చూశాడు. ఎర్రగా ఉంది, పూత లేదు, మధ్యలో పగులుంది, ఎండిన వాగులా ఉంది అని చదివి, ఆ తర్వాత కళ్ళెత్తి, నాలుక వెనకాల ఒక మనిషి ఉందని అప్పుడే తెలిసినట్టు చెవులదాకా కందిపోయాడు. ఆమె నాలుక లోపలికి తీసుకోవడం మర్చిపోయింది. వీడికి నచ్చితే ఇంక ఇంతకంటే ఘోరంగా ఎప్పుడూ కనబడక్కర్లేదు అనుకుంది. పేరు రాసుకోవాలని అడిగితే చెప్పింది, అతను వెనక్కి తిరిగి గోడకేసి చూశాడు, పైనుంచి మూడో వరసలో ఒక సొరుగు మీద అదే పేరు, ఆమె పేరే ఒక తీగపువ్వు పేరు, జ్వరాలకి వాడతారు, ఇన్నేళ్ళుగా రోజూ ఆ సొరుగు లాగి మూస్తున్నాడట. తర్వాత కొన్నాళ్ళకి చెప్పాడు, నువ్వు వెళ్ళాక నీ సొరుగు ఊరికే ఒకసారి తెరిచాను, అవసరమేం లేదు. ఆ ఒక్క మాటకే పెళ్ళి చేసుకుంది, ఇంట్లో మాత్రం కుటుంబం మంచిదని చెప్పింది.

మందుతోపాటు నాలుక సాధన కూడా ఉంది. పళ్ళు బిగించి, నాలుకని చిగుళ్ళ చుట్టూ గుండ్రంగా తిప్పి, ఊరిన కాస్త నీటినీ మూడు గుక్కలుగా మింగాలి, మింగుతున్నప్పుడు అది బొడ్డుదాకా దిగుతున్నట్టు మనసులో చూడాలి. ఖాళీ దొరికినప్పుడల్లా చెయ్యమన్నాడు పెంగ్ వైద్యుడు. ఆమెకి ఖాళీ దొరికేది బస్సులోనే. ఒకరోజు ఎదురు సీట్లో బట్టతలాయన, ఒళ్ళో బాతుని పెట్టుకుని, ఆమె బుగ్గలు కుడివైపు ఉబ్బి ఎడమవైపు ఉబ్బి మళ్ళీ కుడివైపు ఉబ్బడం చాలాసేపు గుడ్లప్పగించి చూశాడు, చివరికి తను ఏదో అడిగితే ఆమె జవాబు చెప్పలేకపోతోందనుకున్నాడో ఏమో, బాతుని గట్టిగా పట్టుకుని, ఇది అమ్మకానికి కాదమ్మా అన్నాడు. పుల్లటి రేగుపండ్లు తలుచుకో, నోరూరుతుంది అన్నాడు వైద్యుడు. తలుచుకుంటే షూలిన్ గుర్తొచ్చాడు, రేగుపండ్లు రాలేదు. మిరపకాయ మాన్పించాడు, అది మాత్రం పగవాళ్ళకి కూడా వద్దు, ఈ కొండల్లో మిరపకాయ లేకుండా బతికేది బౌద్ధ సన్యాసులూ యిన్‌హువానే, బయట పెరట్లో అమ్మా నాన్నా రేపటి విందుకి ఎర్రగా మిరపకాయలు నూరుతున్నారు, తనకి వేరే గిన్నెలో గుమ్మడికాయ గంజి.

అమ్మా నాన్నా. పాపం, మొన్ననే వచ్చారు, సముద్రం ఒడ్డున చెప్పుల ఫ్యాక్టరీనుంచి, ఏడాదికోసారి కనబడేవాళ్ళు, కూతురు పెళ్ళనేసరికి ఏం చెయ్యాలో తోచక కనబడిందల్లా నూరుతున్నారు, కడుగుతున్నారు. వాళ్ళకి ఏడుపు పాటలు రావు. అమ్మ వచ్చిన పూటే తనని పక్కకి పిలిచి, ఫోన్లో రికార్డు పెట్టుకుంటే కుదరదా అని అడిగింది. పెంచింది నానమ్మ. వీపున వెదురుబుట్టలో వేసుకుని మొక్కజొన్న చేలోకి తీసుకెళ్ళింది, బడికి తీసుకెళ్ళింది, చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళకి ఏడవడానికి తీసుకెళ్ళింది, ఎందుకంటే ఆ రోజుల్లో ఏ ఇంట పెళ్ళయినా ఏడుపుకి ముందు గొంతు నానమ్మదే. నానమ్మ ఏడిస్తే పందుల దొడ్లో పందులు కూడా మేత మానేసేవని చెప్పుకునేవాళ్ళు. అలాంటి మనిషి చేతిలో పెరిగిన పిల్ల, తాత శవపేటిక పక్కన పొడికళ్ళతో నిలబడింది. లోపల అంతా నలిగిపోతోంది, బయటికి చుక్క రాలేదు. గుయ్‌లాన్ పెద్దమ్మ, నాన్నకి వదిన, నోరు ఊరందరికీ పంచినా మిగిలేంత ఉన్న మనిషి, అందరూ వినేలా, "చదువుకున్న కళ్ళు కదా, తడిస్తే పాడవుతాయేమో" అంది. దానికి నొప్పి లేదు. నానమ్మ ఆ మాట విని ఏమీ అనలేదు, అదే నొప్పి. మొన్న కంటి చుక్కల మందు సీసా కనబడినప్పుడు మాత్రం అంది. పెళ్ళి పూట నాలుగు చుక్కలు వేసుకుంటే ఎవరికీ తెలియదు నానమ్మా అని యిన్‌హువా మెల్లగా చెప్పబోయింది. నానమ్మ సీసా వెలుతురులో పెట్టి చూసి, మూత బిగించి చేతిలో పెట్టింది.

"కొట్లో కొన్న కన్నీళ్ళతో నన్ను వదిలి వెళ్తావా పిల్లా? ఊరిని చూసిపోడానికొచ్చినదానిలా చెయ్యూపి పోతావా?"

జబ్బు నానమ్మా అని చెప్పవచ్చు, చెప్పింది కూడా, చాలాసార్లు. నానమ్మ తల ఊపుతుంది. తల ఊపడం వేరు, నమ్మడం వేరు. యిన్‌హువాకి కావలసింది ఊరి మెప్పు కాదు, పెద్దమ్మ నోరు మూయించడం కూడా కాదు, అదీ కొంచెం కావాలి గాని. నీ దగ్గరనుంచి వెళ్ళడం నాకు ఉత్తిమాట కాదని ఈ ముసలిదానికి తెలియాలి, దానికి వేరే భాష లేదు, నానమ్మకి వచ్చిన భాష అదొక్కటే, ఆ భాషలో తన నోట తడి లేదు, కంట తడి లేదు. అలాగని నిజంగా వెళ్తున్నట్టు లోపల అనిపిస్తే గదా, వచ్చే వారమే మళ్ళీ వస్తుంది, నానమ్మకి మోకాళ్ళ మందు తెస్తుంది, షూలిన్ కొత్త గంప అల్లిస్తానన్నాడు. తీపి ఎక్కువై వెగటు పుట్టినట్టు సంతోషమే ఎక్కువైంది ఆమెకి.

తియ్యటి వాసన. నానమ్మ నిప్పుల్లో చిలగడదుంపలు కప్పేది, పైతొక్క మాడి లోపల పాకం కారేదాకా, బడినుంచి వచ్చేసరికి ఇల్లంతా ఇదే వాసన, వేళ్ళు కాలుతున్నా ఆగలేక చీల్చుకుని తినేది, నానమ్మ ఊదేది, ఊదుతూ సగం తనే తినేసేది, ఎక్కడిదీ వాసన, పెరట్లో కాలుస్తున్నారేమో, లేదు, తాత పోయినరోజు కూడా ఇలాగే శవపేటిక ముందు ఆచారం కాగితాలు కాల్చిన పొగ, చేదు పొగ, తీపిలోనే చేదు, చామంతులు కాలితే ఇలా ఉంటుందేమో, చామంతుల్ని ఎవరు కాలుస్తారు, పువ్వుల్ని ఎవరైనా...

కుండ.

మూత తీసేసరికి నల్లటి పొగ మొహం మీదికి లేచింది. అడుగున దుంపలు తారులా అతుక్కుపోయాయి, ఎర్ర గోజి పళ్ళు ఎవరో చీమలని వేయించినట్టు నల్లబడ్డాయి, చామంతి పువ్వుల జాడే లేదు. మాడిన మందు తాగకూడదు, అది కూడా షూలిన్ చెప్పాడు, అన్నీ చెప్పాడు, చెప్పేటప్పుడు ఆ చిటికెన వేలు చూడకుండా ఉండాల్సింది. కుండ మీద చెంబెడు నీళ్ళు గుమ్మరించింది. అది ఇంకో పొరపాటు. కుండ ఠప్పున రెండయింది, పొగ కాస్తా మబ్బయింది, మబ్బు కర్రగోడల సందుల్లోంచి నడిమి గదిలోకి నడిచివెళ్ళింది, సరిగ్గా అప్పుడే ఆడవాళ్ళు మెట్లెక్కుతున్నారు.

తర్వాత జరిగింది చెప్పుకోవాల్సిందే. ఎవరూ ఇంకా నోరు విప్పలేదు, ఒక్క పాట మొదలవలేదు, గదిలో ఉన్న ప్రతి ఆడమనిషీ ధారలుగా ఏడుస్తోంది. గుయ్‌లాన్ పెద్దమ్మ చేతిరుమాలు చాలక కొంగులాంటి నడుంగుడ్డ ఎత్తుకుంది. పక్కింటి కోడలు చంటిదాన్ని ఎత్తుకుని బయటికి పరిగెత్తింది. దూరపు చూపు మసగ్గా ఉన్న నానమ్మ చుట్టూ ముక్కులు ఎగబీలుస్తున్న చప్పుడు విని, ఇన్నేళ్ళలో ఏ ఇంటా ఏడుపు ఇంత నిండుగా మొదలవలేదని పొంగిపోయి, యిన్‌హువాని తన పక్కన మంచం మీద కూర్చోబెట్టుకుని పాట ఎత్తుకుంది.

"కొండ కొమ్మున మొక్కజొన్న నాటినదాన్ని నేనే,
కంకి విరిచి బుట్టకెత్తేవాళ్ళు వేరేనా..."

యిన్‌హువా అందుకుంది. వీపున బుట్టలో మోసిన పాట, చలిలో కాళ్ళు కడుపులో పెట్టుకుని పడుకోబెట్టిన పాట, ఒక్క పదం తప్పలేదు. గొంతు వణికింది కూడా. ఊరి కళ్ళన్నీ కారుతున్నాయి, పెళ్ళికూతురి కళ్ళు ఎర్రగా, ఎండిపోయి, రెండు మిరపపండ్లలా ఉన్నాయి. నానమ్మ పాడుతూ పాడుతూనే బొటనవేలితో ఆమె చెంప తడిమింది. పొడిగా ఉంది. వేలు అక్కడే కాసేపు ఆగింది, తర్వాత ఒళ్ళోకి వచ్చేసింది, పాట మాత్రం ఆగలేదు. యిన్‌హువాకి అప్పుడు నవ్వు రాలేదు. ఆ పూట మొదటిసారి రాలేదు.

అంతలో కిందనుంచి టపాకాయలు. మగపెళ్ళివారి కానుకలు వచ్చాయి, వాటి ముందు మధ్యవర్తి వచ్చాడు. ప్రేమించుకున్న పెళ్ళి అయినా పేరుకి ఒక మధ్యవర్తి ఉండాలి, ఆ పేరు పెంగ్ వైద్యుడు తనకే కావాలని పట్టుబట్టాడు. మధ్యవర్తికిచ్చే పంది కాలు దక్కుతుందనే కాదు. తిట్లు దక్కుతాయని. పెళ్ళికూతురు మెత్తగా తిట్టిన మధ్యవర్తిని ఊళ్ళో ఎవరూ లెక్కచేయరు, నాడి పట్టుకుని మరీ బతిమాలాడు, నన్ను ఉతికి ఆరేయాలి అమ్మాయ్, మొహమాటపడకు అని. కొత్త నీలం చొక్కా వేసుకుని తిట్లకి తయారై వచ్చిన మనిషి గడపలో ఆగి, ముక్కు ఎగబీల్చాడు. ముఖం మారిపోయింది.

"దుంప మాడింది," అన్నాడు. ఇంకోసారి పీల్చాడు. "చామంతి పోయింది. కొండతీగ కూడానా? ఆ తీగ కోసం మా షూలిన్ రాయి మీద నుంచి జారి మోకాలు చెక్కుకున్నాడు. తిట్లు తినడానికొచ్చిన నాచేత తిట్టిస్తున్నావు కదమ్మాయ్. కుండ ముందు కూర్చుని ఏం కలలు కంటున్నావు?"

ఏం కలలో చెప్పే వీలు లేదు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ ముందుకి జరిగారు. ఆచారం ప్రకారం ఇప్పుడు నోరు పెళ్ళికూతురిది, మధ్యవర్తి మారు మాట్లాడకూడదు. మోకాలు చెక్కుకున్న సంగతి ఆమెకి తెలియదు, వాడు చెప్పలేదు, ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పలేదు, దాని మీద కోపం, కుండ మీద కోపం, చెంప మీద ఆగి వెనక్కి వెళ్ళిపోయిన ఆ బొటనవేలి దుఃఖం, అన్నీ కలిసి పాటలోకి దూరాయి. మొదటి రెండు చరణాలు నానమ్మ నేర్పినవే. ఆ తర్వాతవి ఎవరూ నేర్పలేదు.

"నోటికి మిరప మాన్పించి, వేళ్ళు ఉడకేసి తాగించి,
పసరు మొహం చేసినావే, పెద్దమనిషీ పెంగయ్యా,
పళ్ళు రాలిన పాతకాపూ, పోవయ్యా నువ్వు పోవయ్యా,
పంది కాలు పట్టుకుని, ఫో, నీ పొయ్యి దగ్గరికి ఫో..."

ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. పెంగ్ వైద్యుడు ఆనందంతో కళ్ళు మూసుకున్నాడు. తెరిచి చూస్తే కళ్ళజోడు కుడి అద్దం మీద చుక్క. కళ్ళజోడు తీశాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురుకి ఎత్తి పట్టి అటు వంచాడు, ఇటు వంచాడు. వాన తుంపరేమోనని ఎవరో కప్పుకేసి చూశారు.

"ఉమ్ము," అన్నాడు వైద్యుడు. "జిగురు లేదు, నురగ లేదు. తేటగా ఉంది. ప్లీహం ఇంటివాళ్ళు తలుపు తీశారు." కళ్ళజోడు గుయ్‌లాన్ పెద్దమ్మ ముక్కు కిందికి తీసుకెళ్ళి చూపించాడు. ఆవిడ అటు తిరిగింది. "ఇటు చూడమ్మా, ఇలాంటిది నువ్వు రోజూ ఊరికే పారబోస్తావు, దీనికి ఈ పిల్ల ఎంత కష్టపడిందో." తర్వాత మళ్ళీ వచ్చి యిన్‌హువా ముందు కూర్చుని, "తిట్టు తల్లీ, ఆపకు," అన్నాడు.

కాని పాట తెగిపోయింది. యిన్‌హువా గడ్డం మీద కూడా చుక్క ఉంది, ఆమెకి తెలియదు. నానమ్మ తన చొక్కా చేతి అంచు బొటనవేలికి చుట్టుకుని, ముందుకి వంగి, ఆ గడ్డం కింద గట్టిగా, చర్మం ఎర్రబడేలా తుడిచింది. అలవాటైన చెయ్యి, ఎక్కడ తుడవాలో వెతుక్కోలేదు.

"పెళ్ళికూతురివయ్యాక కూడా చొంగేనా నీకు," అంది నెమ్మదిగా, వాళ్ళిద్దరికే వినబడేలా. "రేపటినుంచి ఎవడు తుడుస్తాడే?"

షూలిన్ తుడుస్తాడు, తప్పకుండా తుడుస్తాడు అనుకుంది యిన్‌హువా, అనుకుంటుండగానే అతని చేతులు ఎంత మెత్తనో తెలిసింది, ఇంత గరుగ్గా, ఇంత గట్టిగా, గడ్డం ఊడివచ్చేలా తుడవడం అతనికి ఈ జన్మలో చేతకాదని తెలిసింది, మొదట కుడికన్ను మండింది, ఎప్పుడూ మండేలాంటి మంట కాదు, తర్వాత ముక్కు పక్కన ఏదో పాకింది, పురుగనుకుని చెయ్యెత్తబోయింది. నానమ్మ ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"పొగ," అంది గుయ్‌లాన్ పెద్దమ్మ వెనకనుంచి.

రెండో కంట్లోంచి కూడా వచ్చింది. పెంగ్ వైద్యుడు కళ్ళజోడు గబగబా తుడిచి పెట్టుకుని, మోకాళ్ళ మీద ముందుకి జరిగి, అది కాలేయంనుంచా, గుండెనుంచా, తేటగా ఉందా, చిక్కగా ఉందా చూద్దామని మెడ చాపాడు. నానమ్మ అరచెయ్యి అడ్డం పెట్టి ఆయన్ని వెనక్కి నెట్టింది.

"నోటి తడి మీది, వైద్యుడుగారూ. కంటి తడి నాది."